మా అత్తమ్మ, ఫంక్షన్ హాలు కుర్చీలు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మరుసటి ఏడాది ఎండాకాలంలో, దూరపు చుట్టాల పెళ్ళిలో మా అత్తమ్మ కూర్చున్న కుర్చీ విరిగింది.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క, నాకు మేనత్త. భారీ మనిషి. ఆ సంగతి గురించి ఆమెకు ఏ బెంగా ఉండేది కాదు. ఫంక్షన్ హాలులో భోజనాల వేళ బగారా అన్నం మీద మటన్ కూర వేయించుకుని, ప్లేటు చేతిలో పట్టుకుని ఇలా వెనక్కి వాలిందో లేదో, టప్పుమని చప్పుడైంది. కుర్చీ వెనక కాలు విరిగి పక్కకు ఎగిరిపోయింది. అత్తమ్మ తొందరేమీ లేనట్టు ఒక పక్కకు ఒరిగి, అలాగే నేలమీద చతికిలబడింది. ప్లేటు మాత్రం చేతిలోనే ఉంది.

చుట్టుపక్కల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"దెబ్బ తాకిందా అక్కా?"

అత్తమ్మ ముందు ప్లేటులోకి చూసుకుంది. "కూర పోలే," అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వితే పక్కనున్న వాళ్ళు ఊరుకోలేరు. పట్టి లేపడానికి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు నవ్వు ఆపుకోలేక, ఆమె చేతులు వదిలేసి పక్కన కూర్చున్నారు.

నేనూ కళ్ళు తుడుచుకుంటూ విరిగిన కుర్చీని గోడ వైపు జరపబోయాను. అది తలకిందులైంది. సీటు అడుగున ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన గుర్తు కనిపించింది. మా కంపెనీ గుర్తు.

"ఏందే కోడలా, మొఖం గట్ల పెట్టినవ్?" అంది అత్తమ్మ.

వంగి ఆమె చెవిలో చెప్పాను. "అత్తమ్మా, ఇది మా కంపెనీ కుర్సీ."

చెవిలో చెప్పిన మాటను చెవిలోనే ఉంచుకోవడం మా అత్తమ్మకు చేతకాదు. "ఓయమ్మో! ఇది నా కోడలు చేసిన కుర్సీనంట! మేనత్తనే పడగొట్టింది సూడుండ్రి!" అని హాలు మొత్తానికి వినబడేలా చెప్పింది. పెళ్ళికొడుకు కూడా మంటపంలోంచి మెడ సాచి చూశాడు.

నేను అప్పటికి ఉద్యోగంలో చేరి కొద్ది నెలలే అయింది. ప్లాస్టిక్ వస్తువుల తయారీలో డిప్లొమా చేశాను. షాద్‌నగర్ వెళ్ళే దారిలో ప్లాస్టిక్ కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని దొరికింది. విభాగం అంటే నేనూ, ఒక గదీ, ఆ గది నిండా ఇసుక సంచులూ. మా ఊళ్ళో కూరగాయలు పండించే ఇళ్ళలోంచి ఫ్యాక్టరీలో తెల్ల కోటు వేసుకునే పనికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ సంబరమే. పొద్దున కంపెనీ బస్సు కోసం హైవే పక్కన నిలబడితే, చక్రాలు దించుకుని నెత్తి మీదుగా పోయే విమానం కడుపు కనిపించేది. దానికి చెయ్యి ఊపేదాన్ని. ఊపాక, ఎవరైనా చూశారేమోనని జుట్టు సర్దుకునేదాన్ని.

పెళ్ళి నుంచి ఆ విరిగిన కాలును స్వీట్ల సంచిలో పెట్టుకుని వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఓనరుగారి బల్ల మీద పెట్టాను.

మా ఓనరుగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఎంత కోపంలోనైనా 'అమ్మా' అనే పిలిచేవారు. ఆ కాలును చూసి నిట్టూర్చారు.

"మీ అత్తగారికి దెబ్బలేమీ తగల్లేదు కదమ్మా?"

"లేదు సార్. నవ్వింది."

"అందరూ నవ్వరమ్మా. మొన్న ఒక ఫంక్షన్ హాలాయన ఫోనులో నన్ను ఎన్నెన్ని మాటలన్నాడో మీకు చెప్పలేను. మన టెస్టింగ్‌లో ఏ కుర్చీ విరగదు. బయటికి వెళ్తే విరుగుతోంది. ఎందుకో కనుక్కోండి."

టెస్టింగ్ అంటే, కుర్చీని నా గదిలో గచ్చు మీద పెట్టి, సీటు మీద ఇసుక సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక పూట వదిలేయడం. సాయంత్రానికి కుర్చీ చెక్కుచెదరకుండా ఉండేది. సంచులు మోసిన నా నడుమే చెదిరేది.

ప్రొడక్షన్ చూసే సూపర్‌వైజరు మా పక్క ఊరి వాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. విరిగిన కాలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెల్లె, ఇది కుర్సీ తప్పు కాదు. ఫంక్షన్ హాళ్ళల్ల డెకరేషన్ పోరగాళ్ళు కుర్సీల మీద ఎక్కి పూలు కడ్తరు. ఇద్దరిద్దరు నిలవడ్తరు. ఇరగక ఏంజేస్తది?"

నా అనుమానం వేరే. ప్లాస్టిక్ గింజలను ఫ్యాక్టరీలో దానా అంటారు. కొత్త దానాలో, పాడైన కుర్చీలను పిండి చేసి కొంత కలుపుతారు. ఆ పాత సరుకు ఎక్కువైతే కుర్చీ పెళుసవుతుంది. ఇదే కారణమని నేను కాలేజీ పాఠం గుర్తుచేసుకుని మహా ధీమాగా చెప్పాను. ఓనరుగారు ఒప్పుకున్నారు. పాత సరుకు ఒక్క పిసరు కూడా కలపకుండా కొన్ని కుర్చీలు పోసి ఒక హాలుకు పంపాం. అవి చూడ్డానికి గాజుల్లా మెరిశాయి. పెళ్ళిళ్ళు మొదలైన వారానికల్లా అవీ విరిగాయి.

నా ధీమా పోయింది. కానీ ఒకటి అర్థమైంది. గదిలో కూర్చుంటే ఇది తెలియదు. కుర్చీలు ఎక్కడ విరుగుతున్నాయో అక్కడికి పోవాలి. అంటే పెళ్ళిళ్ళకు పోవాలి.

పెళ్ళిళ్ళంటే మా అత్తమ్మే. విమానాశ్రయం వచ్చాక మా చుట్టుపక్కల చేలున్న చోటల్లా ఫంక్షన్ హాళ్ళు లేచాయి. వాటిల్లో జరిగే పెళ్ళిళ్ళలో సగం మా అత్తమ్మకు పిలుపు ఉన్నవే. మిగతా సగంలో ఆమె చుట్టరికం కలుపుకోగలదు. బాలాపూర్ నుంచి షాద్‌నగర్ దాకా ఆమెకు తెలియని గడప లేదు. విషయం చెప్పగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"అంటే ఏందే, నేను పెండ్లిళ్ళకు పోయి కూసోవాలె. గంతేనా?"

"గంతే అత్తమ్మా."

"నౌకరీ అంటే గిట్లుండాలె," అంది. ఆ సాయంత్రమే పెట్టె తెరిచి పట్టుచీరలు గాలికి వేసింది.

ఆ సీజనంతా సెలవు రోజు వస్తే చాలు, ఇద్దరం ఏదో ఒక పెళ్ళిలో ఉండేవాళ్ళం. ఆమె కొత్త దంపతులను దీవించేది. నేను కుర్చీల కింద చూసేదాన్ని. మా కుర్చీలు ఎర్రవి. ఎర్ర ప్లాస్టిక్ ఎక్కడైనా శక్తికి మించి సాగితే అక్కడ తెల్లగా పాలిపోతుంది. విరగబోయే కుర్చీ ముందే ఒక తెల్ల గీత చూపిస్తుందేమోనని నా ఆశ. అయితే పెళ్ళిలో జనం కూర్చుని ఉండగా వాళ్ళ కింద తొంగిచూడటం అంత సులువు కాదు.

మొదటి పెళ్ళిలోనే దొరికిపోయాను. వరుసలో చివర కూర్చున్న పెద్దావిడ కుర్చీ కింద తలపెట్టి చూస్తున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అందావిడ.

నోటికి వచ్చింది చెప్పాను. "కమ్మ పడిపోయిందమ్మా."

"అయ్యో, బంగారమా?" ఆవిడ లేచి నిలబడింది. పక్కావిడకు చెప్పింది. పక్కావిడ ముందు వరుసకు చెప్పింది. కాసేపట్లో అటు పెళ్ళికూతురు వైపు వాళ్ళూ ఇటు పెళ్ళికొడుకు వైపు వాళ్ళూ ఏకమై నా కమ్మ కోసం వంగి వెతుకుతున్నారు. కుర్చీలన్నీ తిరగేశారు. నాకు అంతకన్నా కావలసిందేముంది? తిరగేసిన ప్రతి కుర్చీనీ హాయిగా చూసుకుంటూ పోయాను. చాలా వాటికి తెల్ల గీత ఉంది. అన్నింటికీ ఒకే చోట, వెనక కాలు సీటును కలిసే మూలలో, లోపలి వైపు. ఆనందం పట్టలేక "దొరికింది! దొరికింది!" అని అరిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "ఏది, పెట్టుకో మరి," అని నా చెవి పట్టుకుని చూసింది. నా రెండు చెవులకూ రెండు కమ్మలూ ఉన్నాయి. ఆవిడ నా మొహం చూసింది. నేను అత్తమ్మ కోసం చూశాను. అత్తమ్మ స్తంభం చాటుకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది.

తర్వాత నుంచి కమ్మ తీసి బ్యాగులో వేసుకునే వెళ్ళేదాన్ని.

వంటశాలల వెనక విరిగిన కుర్చీల కుప్పలు ఉండేవి. అత్తమ్మ ఆ హాళ్ళ మేనేజర్లతో మాటలు కలిపేది. నేను కాళ్ళు ఏరుకునేదాన్ని. ఇంట్లో మా అమ్మ, "పెండ్లికి పోయినోళ్ళు మిఠాయి తెస్తరు, నువ్వేమో కాళ్ళు తెస్తున్నవ్," అని విసుక్కునేది. భూతద్దం పెట్టి ఆ విరిగిన ముఖాలను చూస్తే, ప్రతిదానికీ ఒక అంచున చిన్న నునుపైన మచ్చ, అక్కణ్నుంచి విచ్చుకుంటూ పోయిన గరుకు. పగులు ఆ మచ్చ దగ్గర మొదలై, చాలా రోజులు కొంచెం కొంచెంగా పెరిగి, ఒకనాడు ఒక్కసారిగా పోయిందన్నమాట. మచ్చ ఎప్పుడూ ఆ లోపలి మూలలోనే. ఎక్కడ విరుగుతోందో తెలిసింది. ఎందుకు విరుగుతోందో మాత్రం తెలియలేదు. కుర్చీ మీద బరువు పైనుంచి కిందికి పడుతుంది. అలా పడితే కాలు నలగాలి. లోపలి మూల చీలడమేమిటి?

అంతలో హిమాయత్ సాగర్ దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళికి పోయాం. అది హాలు కాదు. ఇంటి ముందు మన్నులో షామియానా వేసి, టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెచ్చారు. అవీ మావే. ఎండకు వెలిసిపోయి, గీతలు పడి, సున్నం మరకలతో ముసలి కుర్చీలు. బరాత్‌లో ఎగిరి ఎగిరి వచ్చిన మగవాళ్ళు దబ్బుమని వాటిలో కూలబడుతున్నారు. ఒకాయన కుర్చీ మీద ఎక్కి డాన్స్ కూడా చేశాడు. ఏదీ విరగలేదు. నేను నా కమ్మ వెతుక్కుంటూ అన్నింటి కిందా చూశాను. ఒక్కదానికీ తెల్ల గీత లేదు.

టెంట్ హౌస్ ఆయన్ని అడిగాను. "అన్నా, ఈ కుర్సీలు ఇరుగుతున్నయా?"

"ఇరుగుడేందమ్మా? లారీలకెళ్ళి ఇసిరేస్తం. గట్టి మాలు."

నాకు పిచ్చెక్కినంత పనైంది. కొత్త కుర్చీలు సున్నితంగా వాడే హాళ్ళలో విరుగుతున్నాయి. ముసలి కుర్చీలు విసిరేసినా విరగడం లేదు. మా సూపర్‌వైజరు అన్న చెప్పిన డెకరేషన్ కథ కూడా అక్కడితో పోయింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో అత్తమ్మతో అదే వాదన. ఆమె ఒడిలో లడ్డూల పొట్లం పెట్టుకుని, "ఇగ గా కుర్సీలను వదిలెయ్యే, నీ మెదడు ఖరాబైతది," అంది.

తర్వాతి ఆదివారం శంషాబాద్‌లోనే ఒక పెద్ద హాలులో పెళ్ళి. నేను ఆ రోజు కొత్త చీర కట్టాను, కొత్త చెప్పులు వేసుకున్నాను. మొదటి బంతి లేచిన తర్వాత హాలు వాళ్ళు నేల మీద సబ్బునీళ్ళు చల్లి తుడుస్తున్నారు. నల్లటి గ్రానైట్ నేల, అద్దంలా ఉంది. పైన షాండిలియర్ దీపాలు అందులో కనిపిస్తున్నాయి. నేను అత్తమ్మ కోసం డబల్ కా మీఠా తీసుకుని ఆమె వైపు గబగబా నడిచాను. ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేసేలోపు నా కాళ్ళు నా మాట వినలేదు. జర్రున జారి, వెల్లకిలా పడ్డాను. మిఠాయి ఎటు పోయిందో తెలియదు.

"అయ్యో నా తల్లీ!" అని అత్తమ్మ కుర్చీలోంచి సగం లేచింది. లేచి, పరిగెత్తడం తన వల్ల కాదని గుర్తొచ్చిందేమో, మళ్ళీ దబ్బున కూర్చుంది.

అప్పుడు నా తల పక్కకు తిరిగి, చెంప నేలకు ఆని ఉంది. నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా అత్తమ్మ కుర్చీ కాళ్ళు. ఆమె కూర్చోగానే ఆ కాళ్ళు నాలుగూ, అప్పుడే పుట్టిన లేగదూడ కాళ్ళలా, బయటికి జరిగాయి. నేల మీద జారుతూ పక్కలకు విచ్చుకున్నాయి. ఆమె కదిలినప్పుడల్లా మరికాస్త.

నొప్పి మర్చిపోయి బోర్లా తిరిగాను.

"అత్తమ్మా! లే! మళ్ళ కూసో!"

"ఏందే? దెబ్బ తలకు తాకిందా?"

"జర లేచి కూసో అత్తమ్మా, నీ కాళ్ళు మొక్కుత!"

ఆమె లేచి కూర్చుంది. కాళ్ళు విచ్చుకున్నాయి. వెనక కాలు లోపలి మూలలో ఒక సన్నని తెల్ల గీత నా కళ్ళముందే పుట్టింది. "ఇంకోసారి!" అన్నాను. ఇంకోసారి కూర్చుంది. "ఇంకోసారి!" అప్పటికి మా చుట్టూ జనం చేరారు. నేను కొత్త చీరతో సబ్బునీళ్ళలో బోర్లా పడుకుని అరుస్తున్నాను. మా అత్తమ్మ పట్టుచీరతో గుంజీళ్ళు తీస్తున్నట్టు లేస్తూ కూర్చుంటోంది. ఎవరో ఒకాయన, "దవాఖానకు తీస్కపోదామా?" అని మెల్లగా అడిగాడు.

"ఏం ఫికర్ లేదు," అంది అత్తమ్మ ఆయాసపడుతూ. "మా కోడలు డ్యూటీల ఉన్నది."

అన్నీ ఒక్కసారిగా కుదిరిపోయాయి. మట్టి నేల కుర్చీ కాలును పట్టుకుని ఉంచుతుంది. కాలు కదలదు కాబట్టి మూల సాగదు. నా టెస్టింగ్ గదిలో గరుకు గచ్చు కూడా అంతే, నాకు తెలియకుండా ప్రతి కుర్చీకీ సాయం చేసింది. తడి గ్రానైట్ ఎవరినీ పట్టుకోదు, నన్నూ పట్టుకోలేదు. అక్కడ కాలు జారుతుంది, భారమంతా ఆ లోపలి మూల మీద పడుతుంది. బట్టల కొట్టువాడు గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, అక్కణ్నుంచి చర్రున చించుతాడు చూడండి, మా కుర్చీలో ఆ మూల గాటులాగే పదునుగా ఉంది. పగలడానికి చోటు మేమే చూపించాం.

మర్నాడు బస్సులో సీటులో కూర్చోలేకపోయాను. సగం సంతోషం వల్ల, సగం నడుం నొప్పి వల్ల.

ఫ్యాక్టరీ పక్కనే ఇళ్ళకు రాళ్ళు పరిచే పని జరుగుతుంటే, సూపర్‌వైజరు అన్న వెళ్ళి ఒక గ్రానైట్ బండ అడిగి తెచ్చాడు. దాన్ని నా గదిలో పరిచాం. క్యాంటీన్ నుంచి సబ్బునీళ్ళు తెచ్చి పోశాం. అప్పుడే మెషీన్‌లోంచి వచ్చిన మంచి కుర్చీ పెట్టి, ఇసుక సంచులు ఎత్తుతూ దించుతూ పోయాం. కాసేపటికి తెల్ల గీత వచ్చింది. గీత లావైంది. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళు కూడా పని ఆపి తలుపు దగ్గర చేరారు. టప్పుమని, అచ్చం అత్తమ్మ పడ్డ రోజు చప్పుడుతో, వెనక కాలు విరిగింది.

గదంతా ఈలలు, చప్పట్లు. అన్న నన్ను చూసి, "జీత్‌గయే చెల్లె! గెల్సినం!" అని అరిచాడు.

ఓనరుగారు గాభరాగా వచ్చారు. "ఏమిటయ్యా ఇది? మన కుర్చీ విరిగితే చప్పట్లు కొడుతున్నారేమిటి!"

"మన గదిల్నే ఇరిగింది సార్," అన్నాడు అన్న గర్వంగా. "ఇన్నొద్దులకు!"

విరిగిన చోటు చూపించి, పెళ్ళిలో జరిగిందంతా చెప్పాను. ఆయన మొదట బండ వైపు చూశారు, తర్వాత నా చీర మీద ఇంకా పోని మరక సంగతి విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ మనిషి నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

కుర్చీ పోసే అచ్చును, అంటే డైని, బాగుచేయించాం. మూలను గుండ్రం చేశారు. కాలు లోపలి వైపు నిలువుగా బలం కోసం పట్టీలు ఇచ్చారు. పాదం వెడల్పు చేసి, అడుగున నేలను పట్టుకునేలా సన్నని గాడులు పెట్టారు. డై తిరిగి వచ్చి మొదటి కుర్చీ ఊడిపడగానే బండ మీద పెట్టాం. సంచులు ఎత్తీ దించీ మా చేతులు పడిపోయాయి. కుర్చీ నవ్వుతూ కూర్చుంది. మేం ఒకరినొకరు అభినందించుకుంటుండగా ప్యాకింగ్ ఆడవాళ్ళలో ఒకామె వచ్చి, "అక్కా, కుర్సీలు ఒకదాన్ల ఒకటి కూసుంటలెవ్వు," అంది.

పోయి చూస్తే నిజమే. మేం పెట్టిన పట్టీలు అడ్డం తగిలి, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు కల్లు తాగినవాళ్ళలా ఒక పక్కకు ఒరిగిపోయాయి. ఆ వరుస మా కళ్ళముందే మెల్లగా వంగి, ఓనరుగారి కారు మీద పడింది. పట్టీల ఎత్తు తగ్గించడానికి డై మళ్ళీ వెళ్ళింది.

రెండోసారి అన్నీ కుదిరాయి. ఇసుక సంచుల మీద కుర్చీ నెగ్గింది. కానీ ఇసుక సంచి వెనక్కి వాలదు, పక్కవాళ్ళతో ముచ్చట పెట్టదు, నవ్వితే ఊగదు. మనుషులతో చూడాలి అన్నాను. ఎవరిని అని ఓనరుగారు అడిగారు. నాకు ఒకే ఒక మనిషి తట్టింది.

అత్తమ్మ కంపెనీ బస్సులో వచ్చింది, ఉన్నవాటిలోకెల్లా మంచి గద్వాల చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని. ఓనరుగారు గేటు దగ్గరికి ఎదురొచ్చారు. తడి బండ మీద కుర్చీ చూసి ఆయనకు భయం వేసింది.

"అమ్మా, కాస్త జాగ్రత్తగా కూర్చోండి."

"నాకెందుకు సారూ జాగ్రత్త? మీ కుర్సీకి చెప్పుండ్రి," అంది అత్తమ్మ. అని కూర్చుంది. వాలింది. ఊగింది. ఫ్యాక్టరీ వాళ్ళందరికీ పెళ్ళిలో నా కమ్మ కథ చెప్పి, తానే ఎక్కువగా నవ్వింది. నేను మళ్ళీ నేలమీద పడుకుని చూస్తున్నాను. కుర్చీ కాళ్ళు వెంట్రుకవాసి కదిలి, ఆగిపోయాయి. ఎర్రటి మూల ఎర్రగానే ఉంది.

తర్వాత ఆమె మెషీన్ చూస్తానంది. డై తెరుచుకుని వేడి వేడి కుర్చీ బయటికి రావడం చూసి, "అమ్మో, అరిసె తీసినట్టు తీస్తున్నరు," అంది. మేం చూసే లోపే అందులో కూర్చోవడానికి కొంగు సర్దుకుంది. "వద్దమ్మా! వద్దు!" అని ఓనరుగారూ, అన్నా, నేనూ ఒకేసారి అరిచాం. చల్లారని కుర్చీలో మా అత్తమ్మ కూర్చుంటే అది చాప అయిపోయేది.

మాఘమాసంలో కొత్త కుర్చీలు హాళ్ళకు వెళ్ళాయి. ఆ తర్వాత, అత్తమ్మ మొదట పడ్డ హాలులోనే ఇద్దరం ఒక పెళ్ళికి పోయాం. అన్నం ప్లేటు పక్కన పెట్టి కుర్చీలనే చూస్తున్నాను. జనం వస్తున్నారు, కూర్చుంటున్నారు, వాలుతున్నారు. ఇద్దరు పిల్లలను ఒళ్ళో వేసుకుని ఒక లావుపాటి పెద్దమనిషి కూర్చుని, చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకున్నాడు. నేను వంగి ఆ కుర్చీ కాళ్ళు చూశాను. ఏమీ కాలేదు. నేల తుడిచారు, రెండో బంతి కూర్చుంది. ఏమీ కాలేదు. మూడో బంతి లేచింది. ఏమీ కానందుకు ఒక మనిషికి అంత సంతోషం కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. గట్టిగా ఎవరినైనా కావలించుకోవాలనిపించి, పక్కనున్న ఖాళీ కుర్చీని కావలించుకున్నాను.

అత్తమ్మ చుట్టూ చూసి పెదవి విరిచింది. "ఏం మజా లేదే. ఎవ్వరు పడ్తలేరు."

బయట బ్యాండు మొదలైంది. ఆమె నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఎవరి బరాతో, ఎవరు పెళ్ళికొడుకో నాకు తెలియదు. నెత్తి మీదుగా ఒక విమానం దిగుతుంటే బ్యాండు మోత అందులో కలిసిపోయింది. ఆ జనం మధ్యలో నేను చెప్పులు విప్పి ఒక పక్కకు తోసి, ఆ దుమ్ములో వాళ్ళతో సమానంగా ఎగిరాను.